నడుములు విరిగిన షడ్డకులు

మోతె ఊరి కాటయ్యకు కోపం వస్తే అన్నం సహించదు, కల్లు మాత్రం సహిస్తుంది. అలాంటి మనిషి కల్లు కూడా ముట్టకుండా రెండు పూటలు గడిపాడంటే అది ఎంత కోపమో మీరే ఊహించుకోండి. చిన్నప్పుడు గోలీలాటలో ఓడించినవాడితో పెళ్లీడు వచ్చేదాకా మాట్లాడని రకం. పగ పట్టడం అతనికి ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది. ఈసారి ఆ పగ మల్సూర్ మీద.

మల్సూర్ పరాయివాడేమీ కాదు. కాటయ్య భార్య ఆండాలుకు సొంత చెల్లెలు లచ్చమ్మ, ఆ లచ్చమ్మ మొగుడు. అక్కాచెల్లెళ్లను చేసుకున్న షడ్డకులిద్దరూ ఒకే ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాళ్లు. వాళ్ల మామకు కొడుకులు లేరు. తన చెట్లన్నీ అల్లుళ్లకు సమంగా పంచాడు గానీ, వాగొడ్డున ఉన్న పెద్ద చెట్టు సంగతి తేల్చకుండానే కన్నుమూశాడు ముసలాయన. అది మామూలు చెట్టా! మిగతావి ఎండిపోయే రోజుల్లో కూడా లొట్టి నిండా కల్లు కారేది. పెద్దల్లుణ్ని కాబట్టి నాదని కాటయ్య, మామ మంచాన పడితే ఎత్తి దించింది నేను కాబట్టి నాదని మల్సూర్.

తెలంగాణ ఆంధ్రలో కలిసిన ఐదారేళ్లకు, ఒక ఎండాకాలం పొద్దున కాటయ్య వాగొడ్డుకు వెళ్లేసరికి మల్సూర్ అప్పటికే ఆ చెట్టు సగందాకా ఎక్కి ఉన్నాడు. కాటయ్యకు ఒళ్లు భగ్గుమంది.

"దిగురా!"

"వచ్చి దింపు అన్నా" అని పైనుంచి పళ్లికిలించాడు మల్సూర్.

అంతే, కాటయ్య కూడా మోకు బిగించి అదే చెట్టెక్కాడు. ఒక చెట్టుకు ఇద్దరు ఎక్కడం లోకంలో ఎక్కడైనా ఉందా? వీడు ఎక్కాడు. ఎక్కి, వాడి కాలు పట్టి గుంజాడు. వాడు జారి వీడి మీద పడ్డాడు, ఇద్దరూ కలిసి గట్టు మీద పడ్డారు. కాసేపటికి మల్సూర్ మూలుగుతూనే, "నా కాళ్లు కదులుతున్నయి, నీయి?" అన్నాడు. కాటయ్య భయం భయంగా కాళ్లు కదిపి చూసుకున్నాడు. కదిలాయి. వాడివి కదిలి తనవి కదలకపోయి ఉంటే ఆ గట్టు మీదే గుండె పగిలి చచ్చేవాడు.

ఆ రోజుల్లో సూర్యాపేటలో ఈశ్వరయ్య అని ఎముకల డాక్టరు ఉండేవాడు. కోదాడ వైపు మనిషి. తాటిచెట్ల మీది నుంచి పడ్డవాళ్లను అనంతగిరి నుంచి, మిర్యాలగూడ నుంచి మంచాల మీద అతని దవాఖానకే మోసుకొచ్చేవాళ్లు. వెన్నుపూస నలిగినవాళ్లకు ఛాతీ నుంచి తుంటి దాకా పిండికట్టు వేయడం మేలా, కట్టేమీ లేకుండా చెక్కమంచం మీద కదలకుండా పడుకోబెట్టి, నొప్పి తగ్గాక నడుముకు కసరత్తు చేయించడం మేలా అన్నది ఆయన్ని పట్టి పీడిస్తున్న ప్రశ్న. ఒక్కో పుస్తకం ఒక్కో మాట చెబుతోంది. ఇక లాభం లేదని తనే తేల్చుకోవడానికి పూనుకున్నాడు. "ఏది మేలో నాకూ తెలీదు. చీటీలో ఏది వస్తే అది చేస్తాను, ఏడాది దాకా వచ్చి చూపించుకోవాలి, ఇష్టమేనా?" అని రోగిని అడిగేవాడు. సరేనంటే చీటీ తీసేవాడు.

అలాంటివాడి దగ్గరికి ఒకే చెట్టు మీది నుంచి, ఒకే రోజు పడి, నడుములో అదే పూస నలిగి, లోపలి నరం తెగకుండా ఇద్దరు మనుషులు ఒకే బండిలో వస్తే ఇంకేం కావాలి? ఆయన మొహం వెలిగిపోయింది. పాపం, నొప్పితో చస్తున్నవాళ్ల ముందు నవ్వకూడదని అటు తిరిగాడు.

చీటీల్లో మల్సూర్‌కు కట్టు వచ్చింది, కాటయ్యకు మంచం వచ్చింది.

"వానికేమో తెల్లగ అంగీ తొడిగినట్టు కట్టు కట్టిండ్రు, నాకు ఉత్త చెక్కనా? నేనేం పాపం చేసిన సాబూ?" అని కాటయ్య లబలబలాడాడు.

"రెండూ వైద్యాలే కాటయ్యా. ఏది బాగా పనిచేస్తుందో తెలియకే కదా ఈ తంటాలన్నీ" అన్నాడు డాక్టరు.

"వాని కన్న ముందు లేస్తనా?"

"చూద్దాం."

"సూద్దాం గాదు సాబూ, లేవాలె."

లేవలేదు. ముందు లేచింది మల్సూరే. కట్టు బిగుసుకున్నాక కర్రలా నిటారుగా నడుచుకుంటూ కాటయ్య మంచం దగ్గరికొచ్చి, "పోతున్న అన్నా. చెట్టుకేమన్న చెప్పాల్నా?" అని పరామర్శించి మరీ వెళ్లాడు, దుర్మార్గుడు!  ఆ మాట విన్న కాటయ్య, కసరత్తు మొదలుపెట్టమనగానే డాక్టరు చెప్పినదానికి రెట్టింపు చేశాడు. బోర్లా పడుకొని తలా భుజాలూ పైకెత్తి, చెమటలు కక్కుతూ అలాగే బిగబట్టేవాడు.

"సస్తవయ్యా, జర ఆగు" అని ఆండాలు మొత్తుకుంది.

"వాణ్ని మట్టి కరిపియ్యకుంట చావనే" అన్నాడు కాటయ్య.

ఇద్దరూ ఇల్లు చేరాక గౌడ సంఘం పెద్దలు కూర్చొని, ఏడాది దాకా ఆ చెట్టును ఎవరూ ముట్టకూడదన్నారు. "ఏడాది అయినంక డాక్టరు సాబు ఎవలను ఎక్కమంటే చెట్టు వాళ్లది. ఇద్దర్నీ ఎక్కమంటే వారం ఒకలు, వారం ఒకలు గీసుకోండ్రి" అని తీర్పు చెప్పారు. ఆ రెండో మాట కాటయ్య చెవికెక్కలేదు. మల్సూర్ ఓడిపోతాడన్న నమ్మకం అతనిది.

చూపించుకోవడానికి మోతె నుంచి సూర్యాపేటకు ఇద్దరూ ఒకే బస్సులో పోవాల్సి వచ్చేది. అక్కడ డాక్టరు ఇద్దర్నీ పక్కపక్కనే నిలబెట్టి అడిగేవాడు. నొప్పి ఉందా అంటే కాటయ్య ఓరకంట మల్సూర్‌ను చూసి "లేదు" అనేవాడు. "నొప్పా? ఏం నొప్పి సాబూ?" అనేవాడు మల్సూర్. వంగమంటే ఇద్దరూ పోటీపడి వంగేవాళ్లు. వంగినప్పుడల్లా కాటయ్య నడుములో ఎవరో కొడవలి తిప్పినట్టుండేది. ఎడమ కాలు తిమ్మిరెక్కి మొద్దుబారేది. పళ్లు కరుచుకొని నవ్వేవాడు. మందిస్తే తగ్గేదేమో, ఎవరికి తెలుసు? అడిగితే మల్సూర్ వింటాడు. ఛీ, ఆ బతుకెందుకు?

ఏడాది తిరిగింది. చుట్టుపక్కల డాక్టర్లంతా మిర్యాలగూడలో సభ పెట్టుకుంటే ఈశ్వరయ్య ఈ ఇద్దర్నీ వెంటబెట్టుకొని వెళ్లాడు. కట్టు వేసినా వేయకపోయినా ఫలితం ఒక్కటే అనడానికి వీళ్లే సాక్ష్యం అన్నాడు. అందరి ముందూ వంగమన్నాడు, వంగారు. బరువెత్తమన్నాడు, పళ్లు బిగబట్టి ఎత్తారు. డాక్టర్లు చప్పట్లు కొట్టారు.

"ఇద్దరికీ చెబుతున్నాను. రేపటి నుంచి చెట్టెక్కొచ్చు" అన్నాడు ఈశ్వరయ్య సంబరంగా.

అప్పుడు వినపడింది కాటయ్యకు పెద్దల రెండో మాట. వారం తను, వారం వాడు. తను గీసిన చోటే వాడి కత్తి. బతికినన్నాళ్లూ ఆ పళ్లికిలింపు! నెత్తురు తలకెక్కింది. నోరు విప్పితే ఏమవుతుందో అతనికి తెలియక కాదు. ఆండాలు కడుపులో మాట దాగదు, మల్సూర్ గుట్టు లచ్చమ్మ నుంచి తనకు చేరినట్టే తన గుట్టంతా చెల్లెలికి చేరే ఉంటుంది. మల్సూర్ ఊరుకోడు. చెట్టు తనకూ పోతుంది. పోతే పోనీ, వాడికి మాత్రం దక్కకూడదు!

"అబద్ధం సాబూ!" అని అరిచాడు కాటయ్య. "వీడు చెప్పేదంత అబద్ధం. చెంబు పట్టుకొని బయటికి పోతే కూసున్నోడు లేవలేడు. లచ్చమ్మ రెక్క పట్టి లేపాలె. ఎడ్లకు మేత సుత ఎయ్యలేడు. అడుగుండ్రి!"

 మల్సూర్ మొహం కందగడ్డయింది.

"నాది చెప్తవా? నీది చెప్పాల్నా?" అని ముందుకొచ్చాడు. "సాబూ, ఈయన ఎడమ కాలు సచ్చింది. కాల్లోని చెప్పు ఊడి దారిల పడితే తెలువది, ఆండాలొదినె ఎన్క నుంచి ఏరుకొస్తది. ఇటుక కాచి కాపడం పెడితే గాని కన్ను మూతపడదు. నొప్పి లేదంట, నొప్పి!"

 ఈశ్వరయ్య ముందు కాటయ్య చెప్పులు విప్పించి, కళ్లు మూయించి, ఎడమ పాదం మీద పెన్ను మొనతో గీశాడు. "ఎక్కడ గీశానో చెప్పు" అన్నాడు. కాటయ్య చెప్పలేకపోయాడు. మల్సూర్‌ను గొంతుక్కూర్చోమన్నాడు. కూర్చున్నవాడు లేవలేకపోయాడు.

"ఏడాదిగా ఒకడి ఎదుట ఇంకొకణ్ని అడిగాను, నాదే బుద్ధి తక్కువ" అని డాక్టర్లందరితో పైకే ఒప్పుకున్నాడు ఈశ్వరయ్య. "చీటీ తీసిన మిగతా రోగులను కూడా మళ్లీ విడివిడిగా అడిగి వస్తాను. అప్పటిదాకా ఏది మేలని నేను చెప్పను." షడ్డకుల వైపు తిరిగాడు. "మీరిద్దరూ మందులకు రండి. చెట్టు మాత్రం ఈ జన్మలో ఎక్కకండి."

కాటయ్య ఆ తర్వాత బతికినన్నాళ్లూ వేరేవాళ్లు గీసిన కల్లు అమ్ముకునే బతికాడు. సభలో ఆ మాట విన్నప్పుడు మాత్రం తన సంగతి తలుచుకోలేదు, మల్సూర్ కళ్లలో నీళ్లు తిరగడం చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి సూర్యాపేటకు పోయే బస్సులో చివరి సీటు తప్ప ఖాళీ లేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఊరు దాటగానే బస్సు గుంతలో పడి లేచింది. "అమ్మా!" అన్నాడు మల్సూర్. "అమ్మో!" అన్నాడు కాటయ్య కూడా. ఏడాదిగా బిగబట్టిన మూలుగు ఇద్దరికీ ఆగలేదు.

"ఏమొచ్చింది అన్నా నీకు? చెట్టు నీకు గూడ పాయె గద" అన్నాడు మల్సూర్ ఏడుపు గొంతుతో.

"పోనియ్యి. నీకు రాలే" అన్నాడు కాటయ్య.

ముందు ఇంకో గుంత కనిపించింది. కాటయ్య తన నడుము సంగతి వదిలేసి, మల్సూర్ మొహం బాగా కనబడేలా పక్కకు తిరిగి కూర్చున్నాడు.