రెండు ముక్కల కీబోర్డు

జానయ్య దేన్నీ నమ్మడు. ఎల్బీనగర్ కోర్టు దగ్గర ముప్పయ్యేళ్లుగా టైపింగ్ సెంటర్ నడుపుతున్న మనిషి. ప్రమాణం చేసి చెబుతున్నానని అఫిడవిట్ రాయించుకునేవాళ్లు ఎన్ని అబద్ధాలాడతారో ఆయనకు తెలుసు. ఎవరైనా టైం చెబితే, ఇంకో ఇద్దర్ని అడిగి సగటు తీస్తాడు.

ఆయన దగ్గర పదకొండేళ్లుగా టైపు కొడుతున్న ఉదయలక్ష్మికి కుడి భుజం పట్టేసింది. మోచేతి దాకా ఒకటే గుంజుడు. కీబోర్డు మార్చకపోతే టైపింగే మానుకోవాల్సి వస్తుందన్నాడు డాక్టరు. ఆమెకొచ్చిన పని అదొక్కటే.

“నొప్పి నిజంగనే ఉన్నదా?” అన్నాడు జానయ్య.

“నాటకమాడుతున్ననా సార్?”

“నిన్ను అంటలేనమ్మా. డాక్టర్‌కేమన్న కీబోర్డుల దుకాణముందా?”

ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ షాపుకెళ్లారు. ఓనరు ఉపేంద్రది బెజవాడ వైపు. రెండు ముక్కలుగా విడిపోయే కీబోర్డొకటి తీసి ముందు పెట్టాడు.

“ఏందయ్యా, పగిలింది పెడుతున్నవ్?”

“పగల్లేదండీ, డిజైనే అంత. చేతులు ముడుచుకోకుండా, భుజాలు ఫ్రీగా ఉంటాయండీ.”

“మరి నడుమ బటన్లు ఎవనికమ్మినవ్?”

బటన్లన్నీ లెక్కపెట్టాడు. రెండుసార్లు. సరిపోయాయి. దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

“వారం వాడండి సార్. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటాను.”

“అంటే నీకే నమ్మకం లేదన్నట్టు.”

“నేనోసారి కొట్టి చూస్తా సార్,” అని ఉదయలక్ష్మి చెయ్యి చాపింది.

“ముట్టుకోకు!” అని అరిచాడు జానయ్య. షాపంతా తిరిగి చూసింది. తిట్టుకుంటూనే కొన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. “వారం దినాలు రాకు. ఇంట్లనే ఉండు.”

ఉదయలక్ష్మికి ఒకటే తోచింది: కొత్త మనిషిని పెట్టుకుంటున్నాడు! పదకొండేళ్లు పక్కన కూర్చుంటే అనుమానం అంటుకోకుండా ఉంటుందా? మూడో రోజు ఉండబట్టలేక వెళ్లి, కిటికీలోంచి తొంగిచూసింది.

ఆమె కుర్చీలో జానయ్యే. అటో ముక్క, ఇటో ముక్క పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. బెంచీ మీద నలుగురు వకీళ్లు కునుకుతున్నారు. పక్కన కాగితం మీద ఆయన చేతిరాత: ‘పది గంటలు, మెడ బాగుంది. పదకొండు, కుడి భుజం జర గుంజింది, కుర్చీది తప్పు కావచ్చు. పన్నెండు, ముక్కలు ఇంకా దూరం జరిపిన. హాయి. అనుమానమే.’

“ఏంది సార్ ఇది?” అంటూ లోపలికొచ్చింది.

దొరికిపోయినట్టు చూశాడాయన. “అమ్మేటోడు అంతా మంచిదే అంటడు. వాని మాట పట్టుకొని నీకిస్తే, ఉన్న భుజం కూడా పోతే? అందుకే ముందు నాది పెట్టిన.”

“ఒక మాట చెప్తే ఏమైతుండె? కొత్తామెను పెట్టిన్రనుకుని మూడు దినాల సంది ముద్ద దిగలే నాకు!”

“నీ జాగల ఇంకొకరా?” ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నువ్వు కొట్టిందొక్కటే నేను చదవకుండ సంతకానికి పంపుత.”

ఉదయలక్ష్మి తన కుర్చీ దగ్గరికొచ్చింది. “ఇగ లేవుండ్రి.”

“ఎట్ల లేస్త? ఎడమ భుజం సంగతింకా తేలలే.”

ఆమె స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, స్క్రీన్ వంక చూసింది.

“మొదటి లైన్లనే వాదిని ప్రతివాది చేసిన్రు సార్.”

తప్పులు చెప్పడానికి భుజంతో పనేముంది?