ఒక్క కథ చాలు

స్కానింగు అత్త నోట్లో నువ్వుగింజ నానదు. వీధిలో ఎవరు కొత్త ఫ్రిజ్ కొన్నా, అది ఇంటికి చేరేలోపే కబురు పది గడపలు దాటిస్తుంది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి: పిల్లల గుండెలు స్కాన్ చేయడం, తెరమీద చూసింది కడుపులో దాచుకోవడం! ఫలితం డాక్టరే చెప్పాలి. ఇరవై ఏళ్లుగా దాచింది. ఎలాగంటారా? మరింత వాగి. చల్లటి జెల్ తగిలి పిల్లలు గింజుకోగానే ఓ దొంగపిల్లి కథ అందుకుంటుంది. గుండె బాగుంటే ఒక్క కథతో సరి. గోడలు మందంగా కనబడ్డాయా, మళ్లీ మళ్లీ కొలవాలి, మొహం మామూలుగా పెట్టుకోవాలి. ఇక ఆ పిల్లి మరో రెండిళ్లు దూరాల్సిందే. ఈ కిటుకు ఎవరికీ తెలియదని ఆవిడ ధీమా.

ఆ రోజు బల్లమీద నాలుగేళ్ల పిల్ల. పోయిన నెలే దాని అన్నకు గుండె కండరం మందమైందని తేలింది. రోజూ మాత్రలు, పరుగులు బంద్. తోడబుట్టినవాళ్లకూ ఉండొచ్చు, చూడాలన్నారు డాక్టరు. తల్లి బల్ల పక్కనే నిలబడింది, అన్న మూల కుర్చీలో కూర్చున్నాడు.

పిల్లి పాలగిన్నె బోర్లించేసరికి మొదటి కథ అయిపోయింది.

"ఇంకోటి చెప్పత్తా!" అంది పిల్ల.

"నాకు మూడు చెప్పిందిగా!" అన్నాడు అన్న గొప్పగా.

అత్త నోరు తెరవబోయింది. తల్లి చటుక్కున ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. తెరమీద బొమ్మ చెదిరింది.

"వద్దక్కా. నీకు దణ్ణం పెడతాను, దీనికి ఒక్కటే చాలు."

తన గుట్టు రట్టయిందని అత్తకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ తల్లులు కథలు లెక్కపెడుతున్నారన్నమాట! సిగ్గేసింది, జాలీ వేసింది. తెరమీద గోడలు ఉండాల్సినంతే ఉన్నాయి. చెప్పకూడదు, నిజమే. కానీ నోరు మూసుకోకూడదని ఎవరూ అనలేదుగా! పెదవులు బిగించి మిగిలిన కొలతలు తీసింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆ గదిలో మిషన్ చప్పుడు వినబడింది.

"అత్తకు కథలైపోయాయి" అని పిల్ల మూతి ముడిచింది. తల్లి రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది.

కాసేపటికి డాక్టరూ అదే చెప్పారు. ఇప్పటికైతే ఏమీ లేదు, ఏటా చూపించండి.

బయటికి రాగానే పిల్ల వరండాలో పరుగందుకుంది. నెల రోజుల అలవాటుకొద్దీ తల్లి "పరిగెత్తకు" అనబోయి ఆగింది. బెంచీమీద కూర్చున్న అన్న చెల్లెల్నే చూస్తున్నాడు.

"అంత మెల్లగానా? నా వంతు కూడా నువ్వే పరిగెత్తాలే!" అని కేకేశాడు.

తర్వాతి పేరు పిలవడానికి అత్త గుమ్మంలోకి వచ్చింది. పిల్ల వరండా చివరిదాకా పరిగెత్తి వచ్చాకే పిలిచింది.