వైర్ల కింద క్రేన్

సూర్యాపేటలో పెళ్లిళ్లకు వీడియో తీసేవాళ్లలో ధర్మేందర్‌కు మంచి పేరుండేది. ఆ పేరులో సగం అతని భార్య కరుణదని బయటివాళ్లకు తెలియదు. ఆమెది నడిగూడెం. పెళ్లయి వచ్చిన కొత్తలో భర్త తెచ్చిన ఫుటేజ్‌ను ఊరికే పక్కన కూర్చుని చూసేది. చూస్తూ చూస్తూ ఎడిటింగ్ నేర్చుకుంది. ఎక్కడ చెయ్యి వణికిందో, బ్యాండు మోతలో పంతులు గొంతు ఎక్కడ మునిగిపోయిందో, ఎదురెండకు పెళ్లికూతురి మొహం ఎక్కడ నల్లబడిందో ముందు ఆమె కంటికే తెలిసేది. అందుకే ఏ పెళ్లికి ఏ సామాను పట్టుకుపోవాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకునేవాళ్లు. కొన్నాళ్లకు ఆడవాళ్ల వైపు తీయడానికి తనే రెండో కెమెరా భుజానికెత్తుకుంది.

క్రేన్ దగ్గర మాత్రం ఇద్దరికీ మాట కుదిరేది కాదు. పొడుగాటి అల్యూమినియం చెయ్యి, దాని కొసన కెమెరా, ఇటు చివర బరువులు, కింద చక్రాలు. జనం నెత్తిమీదుగా కెమెరా తేలిపోతుంటే పెళ్లికి ఎక్కడలేని హోదా వచ్చేది. దాంతో తీసిన బొమ్మ వీడియోలో ఎంతసేపు ఉందో ఎవరూ అడిగేవాళ్లు కాదు, పెళ్లిలో క్రేన్ ఉందా లేదా అనే అడిగేవాళ్లు.

కోదాడలో రమ్య అనే అమ్మాయి పెళ్లి ఒప్పుకున్నప్పుడు, ఫంక్షన్ హాలు ముందున్న సందును ఇద్దరూ వెళ్లి చూసొచ్చారు.

"గీ సందుల క్రేన్ వద్దు. పైన వైర్లు సూడు, ఎట్ల ఏలాడుతున్నయో. గింబల్ పట్టుకొని నడుసుకుంట తీస్తే అయిపోతది" అంది కరుణ.

"సరే, సందుల గింబలే. క్రేన్ లోపట స్టేజీ ముందల పెడ్త" అన్నాడు ధర్మేందర్.

పెళ్లినాడు పొద్దున వరుడి ఊరేగింపు సందులోకి తిరిగింది. ధర్మేందర్, నడుస్తున్నా బొమ్మ కదలకుండా చూసే గింబల్ పిడికి కెమెరా బిగిస్తుండగా రమ్య మేనమామ కోటయ్య వ్యాను దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూశాడు.

"క్రేన్ తెచ్చి దాచిపెడతారేంటయ్యా? మగపెళ్లివాళ్లు చూసేది ఇక్కడే కదా!"

"పైన వైర్లున్నయ్ సార్."

"మిమ్మల్ని ఆకాశంలోకి లేపమన్నానా? మనిషెత్తు లేపండి, చాలు. నలుగురిలో మా పరువు తీయకండి."

ధర్మేందర్ ఒకసారి పైకి చూశాడు. హాలు గేటు దగ్గర, హారతి పళ్లేలతో నిలబడ్డ ఆడవాళ్లను తీస్తున్న కరుణ వద్దన్నట్టు తల ఊపింది. అతను నవ్వి, ఏం కాదన్నట్టు చెయ్యి చూపించి, సహాయకుడు చంద్రుతో కలిసి క్రేన్‌ను దించాడు.

మొదట అంతా బాగానే ఉంది. క్రేన్ చెయ్యి వరుడి కారు ముందు మనిషెత్తులోనే అటూ ఇటూ తిరిగింది. ఇంతలో బ్యాండువాళ్లు దరువు మార్చారు. ఎగురుతున్న గుంపు ఒక్కసారిగా వెనక్కి తోసుకొచ్చి క్రేన్ మీద పడింది. ఒక చక్రం మురుగుకాలువ అంచు దాటి కిందికి జారింది. బరువులున్న వైపు కుంగిపోయింది, కెమెరా ఉన్న కొస అంతెత్తు లేచి వైరును తాకింది.

కరుణకు పెద్ద చప్పుడు వినబడింది. బ్యాండు ఆగింది. జనం చెదిరిన చోట ధర్మేందర్ వెల్లకిలా పడి ఉన్నాడు. చక్రాన్ని లేపబోయిన చంద్రు గోడకు ఆనుకుని, కాలిన అరచేతులు ముందుకు చాపి, నోరు తెరిచి చూస్తున్నాడు. ఆమె కెమెరాను ట్రైపాడ్ మీదే వదిలేసి పరిగెత్తింది. దవాఖానకు చేరేసరికే ధర్మేందర్ ప్రాణం పోయింది. అక్కడ హాల్లో ముహూర్తం దాటిపోతుందని పెళ్లి జరిపించేశారు.

కర్మకాండలు అయిపోయాక రమ్య ఫోన్ చేసింది. చాలాసేపు ఏడ్చింది. చివరికి, "అక్కా, మా అమ్మానాన్న ఆయన కాళ్లు కడిగింది, అప్పగింతలు ఫోన్లలో తీశారు. మీరు తీసిందాంతో కలిపి ఏదైనా చేయగలరా? మీకు కష్టమైతే వద్దు. వేరేవాళ్లకు ఇచ్చినా ఫర్వాలేదు" అంది.

వేరేవాళ్లకు ఇవ్వడమంటే, ఎవరో తెలియనివాడు టీ తాగుతూ ఆ ఫుటేజ్ ముందుకూ వెనక్కూ తిప్పుతాడు. ఆ ఆలోచనకే కరుణ మనసు ఒప్పలేదు. తలుపు దగ్గరికేసుకుని తనే కూర్చుంది.

గేటు దగ్గర వదిలేసిన ఆమె కెమెరా ఆగకుండా తీస్తూనే ఉంది. మొదట ఆడవాళ్ల మొహాలు, వాటిలో నవ్వు చెరిగిపోవడం. తర్వాత ఫ్రేములో ఖాళీ గేటు, కింద పడ్డ హారతి పళ్లెం. బయటినుంచి తన గొంతే, గుర్తుపట్టలేనట్టుగా. ఆమె మొత్తం చూసింది. ధర్మేందర్ తీసిన ఊరేగింపు మొదట్లో అతని గొంతు స్పష్టంగా ఉంది: "జర పక్కకు జరుగుండ్రి అన్నా, పిలగాడు కనవడ్తలేడు." పెళ్లి వీడియోలో కెమెరామన్ మాట ఉండకూడదని అతనే ఎప్పుడూ అనేవాడు. ఆ మాటను తీసేసి, దాని చోట సన్నాయి వేసింది. అప్పగింతలతో వీడియో ముగించింది. రమ్య వీడియోలో ఊరేగింపు తర్వాత నేరుగా కాళ్లు కడగడమే వస్తుంది.

కరెంటు ఆఫీసు నుంచి విచారణకు వచ్చినాయన, వైర్ల కింద అనుమతి లేకుండా క్రేన్ లేపడమే తప్పని రాసుకుపోయాడు. వైర్లు ఎందుకంత కిందికి దిగాయని కరుణ అడిగితే, "అది వేరే సంగతమ్మా" అన్నాడు. పోలీసులు తిరిగిచ్చిన క్రేన్‌ను కొంటామని ఓ వీడియో యూనిట్‌వాళ్లు వచ్చారు. చెయ్యి ఒక్కచోటే కాలింది, మిగతాదంతా బాగుందన్నారు. ఆమె మామ మట్టయ్య ఇచ్చేద్దామన్నాడు.

"దీన్ని ఇంకో ఇంటికి తోలాల్నా మామా?" అంది. పాత ఇనుప సామాన్ల కొట్లో క్రేన్‌ను ముక్కలు కోయించింది.

ఆ తర్వాత ఆమె మెల్లగా పనికి బయల్దేరింది. ఫోన్ చేసినవాళ్లకు ముందే చెప్పేది, క్రేన్ ఉండదని. స్టేజీకి ట్రైపాడ్, జనంలో గింబల్, ఖాళీ జాగా ఉంటే డ్రోన్. చాలామంది ఫోన్ పెట్టేసేవాళ్లు. చేతివేళ్లు సరిగా ముడవలేకపోయినా చంద్రు ఆమె వెంటే వచ్చేవాడు.

మిర్యాలగూడలో కాశీరాం అనే కాంట్రాక్టర్ బిడ్డ పెళ్లికి ఆడవాళ్ల వైపు తీయడానికి ఆమెను పిలిచారు. వెళ్లాక చూస్తే మగవాళ్ల వైపు వేరే యూనిట్ వచ్చింది. రైసుమిల్లు గోడ పక్కన, వైర్ల కింద, వాళ్లు క్రేన్ బిగిస్తున్నారు. కరుణ వెళ్లి మర్యాదగానే చెప్పింది. "మేం రోజూ చేసే పనే అక్కా" అని వాళ్లు నవ్వారు. డప్పులు దగ్గరికొస్తున్నాయి. ఆమె తన కెమెరా చంద్రుకిచ్చి, వెళ్లి క్రేన్ కొసను రెండు చేతులా పట్టుకుంది.

"కరెంటు బంద్ పెట్టించుండ్రి, లేకుంటే మైదానంలకు జరుపుండ్రి. అప్పటిదాంక నేను ఇడువ."

కాశీరాం పరుగున వచ్చాడు. "శుభమా అని పెండ్లి జేస్తుంటే గీ లొల్లేంది? పనికొచ్చినవా, పరేషాన్ జెయ్యనీకొచ్చినవా?"

"మీ పెండ్లిల పీనుగ లేవద్దనే అన్నా."

ఆ మాటకు అక్కడున్న ఆడవాళ్లు మండిపడ్డారు. ఒకామె భుజం పట్టి గుంజింది, చీర చెంగు చిరిగింది. కరుణ వదల్లేదు. ఎవరో లైన్‌మన్‌కు ఫోన్ చేశారు. అతను వచ్చి పైకి చూసి, నేరుగా వెళ్లి లైను బంద్ చేశాడు. వీధంతా ఉక్కపోతలో కూర్చుని ఆమెను తిట్టింది. ఊరేగింపు దాటిపోయింది. ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి, జరిగేదని కూడా ఎవరూ అనుకోలేదు. కాశీరాం ఆమెను భోజనానికైనా పిలవకుండా పంపించేశాడు.

ఆ కబురు సూర్యాపేట, కోదాడ దాకా పాకింది. పెళ్లిళ్లు దాదాపు ఆగిపోయాయి. ఇప్పుడు కరుణను ఎక్కువగా దశదినకర్మలకూ, పదవీ విరమణ సభలకూ పిలుస్తున్నారు. మొన్నొక సభ నుంచి ఇద్దరూ బస్సులో వస్తుంటే చంద్రు ఉండబట్టలేక అన్నాడు.

"గా దినం మిర్యాలగూడల నువ్వు జర ఊకుంటే అయిపోతుండె వదినా. పనులన్న దొరుకుతుండె."

కరుణ కిటికీలోంచి కనిపిస్తున్న మిల్లుల పొగ గొట్టాల మీంచి చూపు తిప్పింది. "ఊకుంటే నాకు నిద్ర వట్టకపోతుండె చంద్రూ" అని, ఒళ్లో ఉన్న కెమెరా బ్యాగును దగ్గరికి లాక్కుంది.