ఖాజా ఎడమచెయ్యి

ఆరేళ్లుగా ఈ మాట మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. ఖాజాకు అసలే చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. ఇది ధైర్యమా, పిరికితనంలోనే ఇంకో రకమా? నాకే తెలియదు.

వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. అప్పట్లో సాయంత్రం ఇంటికి రాగానే టీవీకి వీడియోగేమ్ కన్సోల్ తగిలించి తుపాకుల ఆట ఆడేవాణ్ణి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ నుంచి ఓ ఇరవై మందిమి ఆన్‌లైన్‌లో కలిసేవాళ్లం. అందరిలో మొదటివాడు ఖాజా. రెండోవాణ్ణి నేను. ఎంత ఆడినా రెండోవాణ్ణే.

ఖాజాకు గద్వాల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. నా ఫోన్ పగిలితే ఒక ఆదివారం అక్కడికే వెళ్లాను. అంతవరకు గొంతు వినడమే తప్ప మనిషిని చూడలేదు. ఫోన్ బాగుచేసి, వద్దన్నా వినకుండా అన్నం పెట్టించి, ఆడదాం రమ్మని వెనక గదిలోకి తీసుకుపోయాడు. అక్కడ టీవీ ముందు, రెండు చేతుల్లో పట్టుకుని బొటనవేళ్లతో ఆడే ప్యాడ్ లేదు. కీబోర్డు, మౌసు ఉన్నాయి. వాటి వైర్లు ఒక చిన్న పెట్టెలోకి, అందులోంచి కన్సోల్‌లోకి వెళ్తున్నాయి. ఆ పెట్టె ఉంటే, ప్యాడ్‌తోనే ఆడుతున్నారని కన్సోల్ నమ్ముతుంది. మౌసుతో గురి తొందరగా కుదురుతుంది కాబట్టి పోటీల్లో దాన్ని ఒప్పుకోరు.

నేను ఏదో అనబోయేలోపే తన ఎడమచెయ్యి చాపాడు. అంతసేపూ నేను గమనించనేలేదు, బొటనవేలు లేదు. మొదలంటా పోయింది.

“మానవపాడుల మా ఇంటికాడ గడ్డి కోసే మిషన్ల పడ్డదన్నా. ప్యాడ్ మీద పుల్ల తిప్పనీకె బొటనవేలు గావాలె గద. కీబోర్డయితే ఉన్న నాలుగు వేళ్లు సాలు. జర ఎవ్వరికి చెప్పొద్దన్నా. అయ్యో పాపం అంటే నాకు మంచిగనిపియ్యది.”

“నేనెందుకు చెప్త?” అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను.

అతను ఆటలో పడ్డాడు. కళ్లు టీవీ మీద ఉన్నాయి. బాగైన ఫోన్‌లో కెమెరా పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక ఫోటో తీశాను. అతను గమనించలేదు. అప్పుడు నా మనసులో ఏ దురుద్దేశమూ లేదు. లేదనే అనుకుంటున్నాను.

రెండు నెలల తర్వాత హైదరాబాద్‌లో పోటీ. మా మూడు ఊళ్ల నుంచి ఒక్కరినే తీసుకుంటామన్నారు. ఒక్కరంటే ఖాజానే. నాకు ముప్పై నాలుగేళ్లు, అప్పటిదాకా దేంట్లోనూ మొదటివాణ్ణి కాలేదు. అదే కారణమా? లేక కారణమంటూ ఒకటి చూపిస్తే తప్పు బరువు తగ్గుతుందని వెతుక్కుంటున్నానా?

పోటీ పెట్టినవాళ్లకు వేరే పేరుతో ఆ ఫోటో పంపాను. నియమం నియమమే అనుకున్నాను. పిల్లలకు రోజూ చెప్పే మాటే. నియమం కోసమే అయితే నా పేరు ఎందుకు దాచుకున్నాను? అసలు సంగతి అది కూడా కాదు. ఆ ఫోటోలో ఖాజా ఎడమచెయ్యి స్పష్టంగా పడింది. బొటనవేలు లేదని ఎవరు చూసినా తెలుస్తుంది. పంపేముందు ఆ మూలను కత్తిరించాను. అతని ముఖం, మౌసు, సగం కీబోర్డు, ఆ పెట్టె మాత్రం ఉంచాను.

ఈ ఒక్క మాట రాయడానికే ఇంతసేపు చుట్టూ తిరిగాను.

ఖాజాను పోటీ నుంచి తీసేశారు. మా గుంపులో అతన్ని దొంగ అన్నారు. రాయలేని మాటలు కూడా అన్నారు. అతను ఎదురు చెప్పలేదు. గుంపులో వేలి సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క వాక్యం రాస్తే ఆ నోళ్లు మూతపడేవి. రాయలేదు. మూడోరోజు అతనే ఫోన్ చేశాడు.

“ఏంది ఖాజా, వేలు సంగతి ఎందుకు చెప్పలే?” అన్నాను, పరామర్శకు వచ్చినవాడిలా.

“చెప్తే ఏమైతదన్నా? సాకులు చెప్తుండు అంటరు. దుకాణంకు శానమంది వస్తుంటరు, ఎవరు ఫోటో దీసి పంపిండ్రో తెల్వది. నిన్నైతే అంటలేను, నువ్వేం పరేషాన్ గాకు. పోయి మంచిగ ఆడు.”

ఆ చివరి మాట ఇప్పటికీ నన్ను తొలుస్తుంది. తెలియకే అన్నాడా? తెలిసే అన్నాడా?

హైదరాబాద్ వెళ్లాను. మొదటి ఆటలోనే ఓడిపోయాను. ఖాజా మళ్లీ మా గుంపులోకి రాలేదు. కన్సోల్ ఎవరికో ఇచ్చేశాడట.

పోయినేడు పనిమీద గద్వాల పోయి దుకాణం ముందు నిలబడ్డాను. నవ్వుతూ చాయ్ తెప్పించాడు. ఉన్నంతసేపూ ఎడమచెయ్యి జేబులోంచి తియ్యలేదు. చెబుదామని నోరు తెరిచి, బస్సుకు టైమైందన్నాను. బస్సు కృష్ణ వంతెన దాటుతుంటే వెనక్కి పోదామనుకున్నాను. పోలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ దగ్గర లేదు. అతని దగ్గరికి పోతానో లేదో కూడా మాట ఇవ్వలేను, ఇచ్చిన మాట ఎట్లా నిలబెట్టుకుంటానో మీరు చూశారు. ఫోటో పంపింది నేను. చెయ్యి కత్తిరించింది నేను. ఆరేళ్లలో మొదటిసారి ఈ రెండు వాక్యాలు నా బయట ఉన్నాయి. నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది.