మీటల మీద తెల్ల రంగు

ఆ రోజుల్లో ఏ వస్తువైనా అరిగిందంటే అది వాడినవాడి ఘనతగానే లెక్క. పార అరిగితే రైతు కష్టజీవి, చెప్పు మడమ అరిగితే మనిషి పనిమంతుడు. రెండువేల సంవత్సరం దాటాక కర్నూలు దుకాణాల్లోకి ల్యాప్‌టాప్ వచ్చి ఈ న్యాయాన్ని తిరగేసింది. అది అరిగితే మాత్రం వాడినవాడి చేతుల్లోనే ఏదో దోషం ఉందన్నారు. ఆ చేతులు నావి.

ఇంటర్ తప్పి, ఆలూరు దగ్గర మా పల్లె నుంచి వచ్చి కర్నూలులో ఒక విత్తనాల దుకాణంలో కుదిరాను. మొదట మూటలు మోసేవాణ్ణి. సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చుని చేతికి దొరికిందల్లా చదివేవాణ్ణి (పశువైద్యం నుంచి పంచాంగ గణితం దాకా. ఏదీ పూర్తిగా అర్థం కాలేదు, ఏదీ వదల్లేదు). కంప్యూటర్ గురించిన పుస్తకమైతే కంప్యూటర్‌ను కళ్లతో చూడకముందే చదివాను. అందుకే దుకాణం యజమాని శెట్టిగారు హైదరాబాదు నుంచి ల్యాప్‌టాప్ తెచ్చిన నాడు నా భుజం మీది మూట దించి, ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టారు. నాకంటూ దొరికిన మొదటి కుర్చీ అది. మా పల్లెలో అమ్మ ఆ సంగతి చెప్పని ఇల్లు లేదు. "మావోడు ఫ్యాను కింద పని చేస్తాండాడు."

కొన్నేళ్లు బిల్లులు కొట్టేసరికి కీబోర్డు మీటల మీది అక్షరాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పొద్దస్తమానం వేరుశనగ, వేరుశనగ అని ఇంగ్లీషులో కొడితే ఏ అక్షరం మిగులుతుంది? వేలితో తెర మీద బాణాన్ని నడిపే టచ్‌ప్యాడ్ గరుకుదనం పోయి, నూనె రాసిన బట్టతలలా మెరిసేది. నాకు ఇబ్బంది లేదు, నా వేళ్లకు దారి తెలుసు. మిగతావాళ్లకు మాత్రం అది ఉత్త నల్లటి గడుల పలక. శెట్టిగారి మేనల్లుడు బెంగుళూరులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి అప్పుడే దుకాణంలో చేరాడు. నా కుర్చీ మీద అతనికి కన్నుందని అందరికీ తెలుసు. ఒకసారి కూర్చున్నాడు కూడా. ఒక్క రైతు పేరు కొట్టబోయి, చెమటలు తుడుచుకుంటూ లేచాడు. "యాడ ఏ అక్షరం ఉండాదో నీకూ, ఆ అహోబిలం నరసింహునికీ తప్ప ఎవురికి తెలుస్తాదప్పా." నాకు ఆ మాట చాలా రోజులు తియ్యగా ఉండింది.

ఆ తర్వాత దసరా వచ్చింది. ఆయుధపూజకు కాటా, తూకపు రాళ్లు, మూటలు కుట్టే దబ్బనం, అన్నిటినీ కడిగి, రంగు పోయినవాటికి రంగేసి, బొట్టు పెట్టడం మా దుకాణంలో ఆనవాయితీ. శెట్టిగారు ల్యాప్‌టాప్ తెరిచి మొహం చిట్లించారు.

"ఏమప్పా, దీన్ని తింటివా ఏమి? అచ్చరాలన్నీ యాడికి పాయె?"

"పని చేసి అరిగినాయన్నా."

"మా నాయన కాలం కాటా ఇంకా ఈడనే ఉండాది, అది అరిగెనా? నీ చేతుల్లో ఏముండాదో. దీన్ని సరస్వతి అని పూజకు పెడితే, అచ్చరం లేని సరస్వతి యాడన్నా ఉంటాదా? పూజ నాటికి బాగు చెయ్యి. లేకుంటే తీసి గోడౌన్లో ఏస్తా."

అది గోడౌన్లోకి పోతే నేనూ దాని వెంటే పోవాలి. ఆ సాయంత్రమే గ్రంథాలయానికి పరుగెత్తి పుస్తకాలు తిరగేశాను. జిడ్డు వల్ల వచ్చిన మెరుపైతే స్పిరిట్‌తో తుడిస్తే పోతుందనీ, ప్లాస్టిక్కే అరిగి నున్నబడితే ఇక తిరిగి రాదనీ ఒకచోట ఉంది. తుడిచాను. మురికి పోయి మెరుపు ఇంకా పెరిగింది. చివరికి గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలేసే పెద్దాయన్ని బతిమాలి, పల్చటి గరుకు ప్లాస్టిక్ ముక్క తెచ్చి, కొలతకు కత్తిరించి టచ్‌ప్యాడ్ మీద అతికించాను. ఆటోల వెనక పేర్లు రాసే పెయింటరు దగ్గర తెల్ల రంగు, సన్న కుంచె తెచ్చి మీటల ముందు కూర్చున్నాను. నాతోపాటు ఒకప్పుడు మూటలు మోసిన పెద్ద హమాలీ బీడీ ఆర్పి, పక్కన నిలబడి చూశాడు.

"ఎందుకప్పా అంత కష్టం? సుద్దముక్కతో గీకరాదా. పూజైనాంక తుడిచేద్దువు."

"చేసే పని పద్ధతిగా చెయ్యాల" అన్నాను (పుస్తకాలు చదివినవాణ్ణి కదా). అక్షరాలు గుండ్రంగా రాసి, ఆరబెట్టి, మళ్లీ జన్మలో అరగకుండా పైన రంగులేని గోళ్ల రంగు కూడా పూశాను.

పూజ వైభవంగా జరిగింది. తెర మీద అమ్మవారి బొమ్మ పెట్టి ల్యాప్‌టాప్‌ను కాటా పక్కన ఉంచాము. శెట్టిగారు తడి కుంకుమ బొట్టు సరిగ్గా టచ్‌ప్యాడ్ నడిమధ్యన పెట్టారు. ఆ తడికి బాణం అమ్మవారి మొహం మీద అటూ ఇటూ పరుగులు తీసింది. "చూడండప్పా, అమ్మవారు కదులుతాండాది" అని ఆయన కళ్లు మూసుకుని దండం పెట్టారు. నేను తుడవబోతే చెయ్యి తోసేశారు.

బొట్టు ఆరాక మేనల్లుడు బొరుగుల ప్రసాదం నములుతూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "శానా బాగా రాసినావప్పా, ముత్యాల మాదిరి ఉండాయి" అన్నాడు, మనస్ఫూర్తిగానే. తర్వాత ఒక్క వేలితో, కోడి గింజలేరినట్టు, మామ పేరు మొత్తం తప్పు లేకుండా కొట్టాడు. శెట్టిగారు తెర వైపు చూశారు, మేనల్లుడి వైపు చూశారు, చివరికి నా వైపు చూశారు.

"ఇంక వీడు చూసుకుంటాడులేప్పా. నీకు కష్టం తప్పె. గోడౌన్లో మనుషులు తక్కువుండారు."

గోడౌన్లో పెద్ద హమాలీ నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. "వస్తివా? రా. ముత్యాల చేతిరాత గదా, మూటల మింద పేర్లు రాద్దువు" అన్నాడు. మిగిలిన తెల్ల రంగు దానికి సరిగ్గా సరిపోయింది. ఊరికి పోయినప్పుడు అమ్మ అడిగింది, "ఫ్యాను బాగా తిరుగుతాండాదా నాయనా?" అని. "తిరుగుతాండాదమ్మా" అన్నాను. అబద్ధమేమీ కాదు, తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు నాకు సొంత ల్యాప్‌టాప్ ఉంది. దాని అక్షరాలూ పోయాయి, టచ్‌ప్యాడూ మెరుస్తోంది. "స్టిక్కర్లు దొరుకుతాయంట, తెచ్చి అంటించుకోరాదా" అంటుంది నా భార్య. "అట్లే ఉండనీలే" అంటాను. అప్పుడప్పుడూ ఆ నల్లటి మీటల మీద వేళ్లు ఆగినప్పుడు, కుంచె పట్టుకుని, నాలుక కొన పళ్ల మధ్య బిగించి, తన కుర్చీని తనే అక్షరం అక్షరంగా ఇంకొకడికి రాసిస్తున్న ఆ కుర్రవాడు కనబడతాడు. సుద్దముక్క తీసుకోరా అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. ఎంత గుండ్రంగా రాస్తున్నాడో అని నవ్వుకుని ఊరుకుంటాను.