కత్తిపీట మీద గోల్ఫ్ బంతి

ఆ రోజుల్లో మా ఆయన అరబ్బు దేశంలో, అల్ ఐన్ అనే ఊరి దగ్గర గోల్ఫ్ మైదానంలో పనిచేసేవారు. మైదానమంతా ఇసుకే, గడ్డిపోచ కూడా లేదు. బంతి పడాల్సిన గుంట చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచి ఉంటే, దాన్ని చదును చేయడం ఆయన పని. నేను ఆస్పత్రిలో నర్సుని.

ఆడటానికి వచ్చే సాబ్‌లు పారేసిన బంతులను ఆయన ఇంటికి తెచ్చేవారు. నా కంటికి అన్నీ ఒకటే.

"నీ మొహం! ఈ గట్టిది దూరం పోద్ది, ఎంత కొట్టినా తెగదు. కానీ గుంట దగ్గర ఆగమంటే ఆగదు, దొర్లిపోద్ది. ఈ మెత్తది చెప్పినచోట ఆగుద్ది. రాయి తగిలిందో, ఖలాస్. ఇదిగో, ఇట్టా నోరు తెరిచి నవ్వుద్ది," అని పైతొక్క మీద గాటు చూపించేవారు.

ఈ తేడా ఎందుకో తేలేదాకా ఆయనకు తోచదు. ఓ శుక్రవారం నా కత్తిపీట ముందేసుకుని కూర్చున్నారు. గట్టిదాన్ని కోస్తే లోపల ఒకటే రబ్బరు ముద్ద. మెత్తదాని తొక్క ఒలిస్తే సాగదీసి చుట్టిన రబ్బరు దారం. లాగినకొద్దీ వస్తూనే ఉంది. చివరికి రేగుపండంత గోళీ మిగిలింది.

"ఇక వదిలెయ్యండి, కూర తరగాలి," అన్నాను. వింటేగా! ముందుకు వంగి దాన్ని కత్తికి నొక్కారు. లోపల బిగించి ఉన్న ద్రవం చిమ్మి ఎడమ కంట్లో పడింది.

కుళాయి తిప్పితే సలసల కాగే నీళ్లు. ఎండాకాలం మరి. ఫ్రిజ్‌లోని చన్నీళ్ల సీసాలన్నీ ఆ కంట్లోనే గుమ్మరించి, ఆస్పత్రికి లాక్కెళ్లాను. చూపు ఉందో పోయిందో కట్టు విప్పాకే చెబుతానన్నారు డాక్టరు. రోగిని తిట్టకూడదని మాకు నేర్పారు కదా, పది రోజులు నోరు కుట్టేసుకున్నాను.

కట్టు విప్పిన రోజు డాక్టరు ఆయన కుడి కన్ను మూసి, ఏదైనా చూపించమని నాతో అన్నారు. ఇంటి నుంచి తెచ్చిన, గాటు పడ్డ ఇంకో బంతిని సంచిలోంచి తీసి, ఆయన ముందు పట్టుకున్నాను. ఆయన రెప్పలార్పుతూ చాలాసేపు చూశారు.

"నవ్వుతోందే," అన్నారు.

బావురుమన్నాను. ఆ తర్వాత, పది రోజులుగా దాచుకున్న తిట్లన్నీ డాక్టరు ముందే తిట్టేశాను.