దేవుడు చెయ్యెత్తిన ముక్క

నిన్న చాలా ఏళ్ల తర్వాత బీరువా అడుగున ఉన్న బిస్కట్ల డబ్బా మూత తీశాను. పుల్లటి వాసన గుప్పున కొట్టింది. అందులో ఉన్నది రెండు మూరల సినిమా ఫిల్ము. పాతబడిన ఫిల్ము అట్లాగే పులుస్తుందట. నాకు మాత్రం అది నా బాల్యం కుళ్లిన వాసన.

మా ఊరు ములకలపల్లి దగ్గర, అడవి మొదలయ్యే చోట. శ్రీరామనవమి రోజులొస్తే తెల్లారేసరికి చెట్ల కింద లేత పసుపుగా పరుచుకున్న ఇప్పపూల మత్తు వాసన, పానకంలో నలిగిన మిరియాల ఘాటు, భద్రాచలం నడిచిపోయేవాళ్ల చెమట, అన్నీ కలిసి మా రేకుల సినిమా హాలు దాకా వచ్చేవి. ఆ వారమంతా భక్తి సినిమానే. చెప్పులు బయట గుట్టగా విడిచి, తెర ముందు కొబ్బరికాయ కొట్టి, హారతి ఇస్తే గానీ ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ హారతి ఇచ్చేది ఆపరేటర్ ఖాదర్ చాచా. మిషన్ గదిలో కూడా ఆయన వట్టికాళ్లతోనే ఉండేవాడు. ఆయన చేతి కొబ్బరి ముక్కలు ఊరంతా కళ్లకద్దుకుని తిన్నది.

తెగిపోయిన ఫిల్ము ముక్కలు చాచా పిల్లలకిచ్చేవాడు. మాడిపోయిన బల్బులో నీళ్లు పోసి, అద్దంతో ఎండను దాని మీదికి తిప్పి, గోడ మీద బొమ్మలు చూసుకోవడం మా వేసవి ఆట. ఫైటింగు ముక్కలు అందరి దగ్గరా ఉన్నాయి. నాకు దేవుడు కావాలి. ఆ ఏటి సినిమాలో ఒకడు గుడిలో నగ దొంగిలించి, నేరం ఇంకొకడి మీద పడుతుంటే నోరు మూసుకుంటాడు. చివరికి వాడు ఏడిస్తే దేవుడు ప్రత్యక్షమై, చెయ్యెత్తి అభయమిస్తాడు. ఆ చెయ్యెత్తిన ముక్క ఇమ్మన్నాను.

“దేవుణ్ణి కోస్తరార బిడ్డా? పాపం గాదూ? ఫైటింగుది ఇస్త తీస్కో,” అన్నాడు చాచా.

ఆదివారం మ్యాట్నీకి ముందు ఆయన నమాజుకు పోయినప్పుడు, మిషన్ గదిలో దూరి బ్లేడుతో నేనే కోశాను. తెగిన కొసలు అతికించకుండానే రీలు చుట్టలోకి తోసేశాను.

ఆటలో దేవుడు వచ్చాడు. జనం చేతులు జోడించారు. ఆయన చెయ్యెత్తబోతుండగా తెర ఒక్కసారిగా తెల్లగా అయిపోయింది. చాచా గాబరాగా మళ్లీ ఎక్కించేసరికి దేవుడు లేడు. దొంగ పెళ్లాం బిడ్డలతో నవ్వుతున్నాడు.

“సాయిబు కావాలనే కోసిండు,” అన్నారెవరో. రుజువు ఎవరూ అడగలేదు. అప్పటిదాకా దొంగ కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే చాచాను మిషన్ గది మెట్ల మీంచి ఈడ్చుకొచ్చారు. ముందున్నది మా నాయన, భజన మండలి పెద్ద.

“ఏంది ఖాదరూ, మా దేవుడు నీకేం జేసిండు?”

“నేను కొయ్యలే అన్నా. మీ ముంగటనే హారతిచ్చిన గదా.”

ఆ మాటకే నాయన చెంప మీద కొట్టాడు. చాచా కింద పడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. నా చొక్కా జేబులోంచి ఫిల్ము కొస బయటికి కనబడుతోంది. చాచా చూశాడు. లేవడానికి ఊతం కోసమన్నట్టు నన్ను పట్టుకుని, ఆ కొసను వేలితో లోపలికి నొక్కి, “ఇంటికి పో బిడ్డా, జల్దీ,” అన్నాడు.

పోయాను. అదే నా నేరం, బ్లేడు కాదు.

వారంలోగా హాలు ఓనరు ఆయన్ను తీసేశాడు. మణుగూరులో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసుకుంటున్నాడని తర్వాత తెలిసింది. నేను అదే మణుగూరులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఒక్కసారీ వెతకలేదు. చిన్నపిల్లాణ్ణి కదా అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ముప్పై ఏళ్లవాడు కూడా చిన్నపిల్లాడేనా? నాయనకూ చెప్పలేదు. ఆయన ఆ చెంపదెబ్బను పుణ్యమనుకుంటూనే పోయాడు.

నిన్న మా ఆవిడ ఫోనులో ఏదో భక్తి సినిమా చూస్తోంది. అందులోనూ పాపి ఏడ్చాడు, దేవుడు కరిగాడు, ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు మండింది. దెబ్బలు తిన్నవాడు ఏమయ్యాడు? వాడి గడప ఎవరు తొక్కారు? ఆ సీను ఎవడూ తీయడని పైకే అనేశాను.

“సినిమానే గదా, గంత కోపమెందుకు?” అన్నది.

లేచి వెళ్లి బీరువాలోంచి డబ్బా తీశాను.

రేకుల హాలు ఉన్నచోట ఇప్పుడు ఎరువుల గోదాము. చెప్పుల గుట్టా లేదు, తెరకు హారతీ లేదు, ఎండలో బల్బు పట్టుకునే పిల్లలూ లేరు. ముక్కను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాను. రంగులన్నీ పోయి ఎర్రటి మసక మిగిలింది. దేవుడి ముఖం లేదు, ఎత్తిన చెయ్యీ లేదు. కొసన నేను బ్లేడు పెట్టిన కోత మాత్రం, వంకరగా, నిన్న కోసినట్టే ఉంది.